ఒక్కరి కోసం మారిన నిబంధన

2023 ఏప్రిల్ 10న బిహార్ ప్రభుత్వం జైలు నిబంధనల్లో ఒక చిన్న భాగాన్ని కొట్టివేసింది. విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగిని హత్య చేసినవారికి ముందస్తు విడుదల దక్కకుండా అడ్డుకున్నది ఆ భాగమే. అదే నెల 27న మాజీ ఎంపీ ఆనంద్ మోహన్ సింగ్ సహర్సా జైలు నుంచి బయటికి వచ్చారు. విడుదల జాబితాలో ఇతరుల పేర్లూ ఉన్నాయి. అయినా నిబంధన ఎవరి కోసం మారిందో అందరికీ తెలుసు.

ఆయన కేసులో హతుడు జి. కృష్ణయ్య మన మహబూబ్‌నగర్ జిల్లా బిడ్డ. భూమిలేని దళిత కుటుంబంలో పుట్టి, 1985 బ్యాచ్ ఐఏఎస్ అధికారి అయ్యారు. గోపాల్‌గంజ్ కలెక్టరుగా ఉండగా 1994 డిసెంబరు 5న హాజీపూర్ సమావేశం నుంచి తిరిగి వెళుతూ, ముజఫర్‌పూర్ దగ్గర ఒక గ్యాంగ్‌స్టర్ శవయాత్రకు ఎదురుపడ్డారు. ఆ గ్యాంగ్‌స్టర్ మరణంతో ఆయనకు ఏ సంబంధమూ లేదు. కారులోంచి ఈడ్చి చంపేశారు. గుంపును ఉసిగొల్పిన నేరానికి ఆనంద్ మోహన్‌కు 2007లో కింది కోర్టు మరణశిక్ష వేసింది. పట్నా హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చగా, 2012లో సుప్రీంకోర్టు సమర్థించింది.

జైల్లో పద్నాలుగేళ్లు గడిపిన యావజ్జీవ ఖైదీ విడుదల కోరడం తప్పు కాదు. జైలు మనిషిని మార్చగలదని మేమూ నమ్ముతాం. కానీ ఇక్కడ కదిలింది కరుణ కాదు, ఆనంద్ మోహన్ వర్గమైన రాజపుత్రుల ఓట్ల లెక్క. ఏడాది తిరగకుండానే ఆయన భార్యకు అప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్న నితీశ్ కుమార్ పార్టీ లోక్‌సభ టికెట్ ఇచ్చింది, ఆమె శివ్‌హర్ నుంచి గెలిచారు.

విడుదల ఉత్తర్వులు వెలువడిన రోజుల్లో ఆనంద్ మోహన్ కుమారుడి నిశ్చితార్థం కోసం పెరోల్‌పై ఉన్నారు. మావోయిస్టులతో సంబంధాల కేసులో జైల్లో ఉన్న, చక్రాల కుర్చీకే పరిమితమైన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబాకు 2020లో కన్నతల్లి కడచూపు కోసం కూడా పెరోల్ దొరకలేదు. 2024 మార్చిలో బాంబే హైకోర్టు ఆయనను నిర్దోషిగా ప్రకటించింది, అదే ఏడాది అక్టోబరులో హైదరాబాద్‌లో కన్నుమూశారు. రాష్ట్రాలు వేరు, కేసులు వేరు. వెనుక ఓట్లున్న మనిషికి దొరికిన దయ, లేని మనిషికి దొరకలేదన్నదే మా బాధ.

2002 గుజరాత్ అల్లర్లలో జరిగిన బిల్కిస్ బానో సామూహిక అత్యాచారం, ఆమె కుటుంబీకుల హత్యల కేసులో 11 మంది దోషులకు గుజరాత్ ప్రభుత్వం ఇచ్చిన విడుదలను 2024 జనవరి 8న సుప్రీంకోర్టు రద్దు చేసింది. కృష్ణయ్య భార్య కూడా అదే కోర్టు తలుపు తట్టాల్సి వచ్చింది. బాధిత కుటుంబం మాట వినకుండా, కారణాలు రాతపూర్వకంగా వెల్లడించకుండా ఏ ప్రభుత్వమూ ఖైదీని వదలరాదు. ఒక దోషి కోసం నిబంధనే మార్చితే, ఆ మార్పు అతనికి వర్తించకుండా చట్టం చేయాలి.