డెంటల్ చెయిర్ పక్కన అలసట కూడా ఇన్ఫెక్షన్ సమస్యే

పళ్ల డాక్టరు పని చేస్తున్నంతసేపు రోగి మాస్కు పెట్టుకోవడం కుదరదు. కోవిడ్ కాలంలో ఈ వృత్తికి వచ్చిన చిక్కంతా అదే. తెరిచిన నోటికి అడుగు, అడుగున్నర దూరంలో ముఖం పెట్టి పనిచేయాలి. డ్రిల్ నిమిషానికి 4 లక్షల సార్ల దాకా తిరుగుతుంది. పన్ను వేడెక్కకుండా దాంతోపాటే నీళ్లు చిమ్ముతాయి. ఆ నీళ్లలో ఉమ్మి, రక్తం కలిసి సన్నటి తుంపరగా గాల్లోకి లేస్తాయి. 2020 మార్చిలో ఏ ఉద్యోగాలకు ముప్పు ఎక్కువో న్యూయార్క్ టైమ్స్ పత్రిక లెక్కవేస్తే పళ్లు శుభ్రం చేసే డెంటల్ హైజినిస్టులు పైవరసలో తేలారు. ఆ నెల 25 నుంచి జూన్ 8 వరకు ఇంగ్లండ్‌లో మామూలు దంత వైద్యమే ఆపేశారు.

తీరా చూస్తే భయపడ్డంత జరగలేదు. 2020 జూన్‌లో అమెరికాలో సుమారు 2,200 మంది డెంటిస్టులను అడిగి వేసిన అంచనా ప్రకారం కోవిడ్ సోకినవాళ్లు 0.9 శాతం. దాదాపు అందరూ జాగ్రత్తలు పెంచామని చెప్పారు. ఆ రోజుల్లో పరీక్షలు తక్కువ కాబట్టి ఈ అంకెను కాస్త అనుమానంగానే చూడాలి. అయినా మాస్కు, నోట్లోని నీళ్లను, తుంపరను లాగేసే సక్షన్ గొట్టం, గాలి మార్పిడి కలిసి పనిచేశాయనడంలో నాకు సందేహం లేదు. ఆ తుంపరలోని సూక్ష్మజీవుల్లో ఎక్కువ భాగం ఉమ్మి నుంచి కాదు, యంత్రం చిమ్మే నీటి నుంచే వస్తున్నాయని 2021లో ఓహియో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు చూపించారు.

విచిత్రం ఏమిటంటే, ఈ సాధనాల్లో చాలావరకు పాతవే. ఉమ్మి తగలకుండా పన్ను చుట్టూ బిగించే పల్చటి రబ్బరు షీటు, అంటే రబ్బర్ డ్యామ్, 1864 నాటిది. గ్లవ్స్ వేసుకోవడం కూడా ఎయిడ్స్ భయం వచ్చాకే అందరికీ అలవాటైంది. భయం పుడితే గానీ అలవాటు మారదు కాబోలు. చికిత్సకు ముందు రోగి పుక్కిలించే మందు మీద కూడా అప్పట్లో చాలా ఆశ పెట్టుకున్నారు. దానివల్ల జబ్బు అంటడం తగ్గిందనడానికి గట్టి ఆధారం మాత్రం లేదు.

ఇన్ని లెక్కల్లో రాని విషయం ఒకటుంది: పనిచేసే మనిషి అలసట. ఎన్-95 బిగించుకుని, పైన ఫేస్ షీల్డ్, గౌను వేసుకుని గంటలకొద్దీ మెడ వంచి నిలబడాలి. తలనొప్పి, ముక్కు మీద ఒత్తిడి గాట్లు, చెమట. మాట సరిగా వినిపించక అరవాల్సి రావడం. ఇంటికి జబ్బు మోసుకెళ్తామేమోనన్న టెన్షన్ వీటికి అదనం. ఈ స్థితిలో చేసే చివరి పని ఒంటి మీది ఈ రక్షణ కిట్ విప్పడం. బయటివైపు తాకకుండా, వరస తప్పకుండా, మధ్యమధ్యలో చేతులు శుభ్రం చేసుకుంటూ విప్పాలి. రోజంతా అలిసిన చెయ్యి తప్పు చేసేది అక్కడే. అందుకే సిబ్బంది క్షేమాన్ని ఇన్ఫెక్షన్ నివారణ నుంచి విడదీసి వేరే ఫైల్లో పెట్టడం పొరపాటని నా అభిప్రాయం.

అసలు ఒత్తిడి పుట్టేది సమయం దగ్గర. గంటకు ఆరుసార్లు గాలి మారే గదిలో గాల్లోని కణాలు 99 శాతం పోవడానికి 46 నిమిషాలు పడుతుంది. పన్నెండుసార్లు మారితే 23 నిమిషాలు. అంతసేపు చెయిర్ ఖాళీగా ఉంటే రోగుల సంఖ్య తగ్గుతుంది, రాబడి తగ్గుతుంది. ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి ఉన్న రోగులనే తొందరగా చూడమంటే, ఆ తొందర ముందుగా అసిస్టెంటు మీద, పరికరాలు కడిగేవాళ్ల మీద పడుతుంది. జీతం కోత లేని సెలవు లేకపోతే గొంతునొప్పి ఉన్నా లేదనే చెబుతారు. అది వాళ్ల తప్పని నేననను.

మెడిటేషన్ మీద వెబినార్ పెట్టి చేతులు దులుపుకోవడం సులువే. పరికరాలను ఆవిరితో క్రిములు లేకుండా చేసే ఆటోక్లేవ్‌ను చూడండి. 134 డిగ్రీల దగ్గర కనీసం 3 నిమిషాలు ఉంచాలంటే ఉంచుతారు, పైన పరికరాలు ఆరడానికి సమయం కూడా ఇస్తారు. బయట రోగి ఎంత విసుక్కున్నా మధ్యలో తలుపు తెరవరు. మాస్కు తీసి, గాలి ఆడే చోట ఒంటరిగా కూర్చునే పావుగంటను కూడా అపాయింట్‌మెంట్ పుస్తకంలో అలాగే రాసిపెట్టాలి, డాక్టరుకే కాదు, సక్షన్ పట్టుకునేవాళ్లకు కూడా.