జాడీకి వాసెన ఉండాలా?

(మామయ్య నలభై ఏళ్లుగా షాపుల బోర్డులు రాస్తున్న పెయింటర్. మేనకోడలు కంప్యూటర్‌లో లోగోలు చేస్తుంది. ఇంట్లో మొదలుపెట్టిన ఆవకాయ వ్యాపారానికి లోగో దగ్గర ఇద్దరికీ పట్టింపు వచ్చింది.)

మేనకోడలు: మామయ్యా, మీ బొమ్మ చాలా బాగుంది. జాడీ, దాని మూతికి కట్టిన వాసెన గుడ్డ, పక్కన మామిడికొమ్మ, ఆకులకు ఈనెలతో సహా. కానీ వాట్సాప్ డీపీలో చూడండి. గోరంత అయ్యేసరికి ఆకులన్నీ కలిసి పచ్చటి మరకలా ఉంది.

మామయ్య: బోర్డు మీద ఎనిమిదడుగులు ఉంటుంది కదమ్మా.

మేనకోడలు: బోర్డు ఒక్కటే. సీసా మూతలు, బిల్లు పుస్తకాలు, రబ్బరు స్టాంపు మాటేమిటి? స్టాంపులో సన్నగీతలు సిరాతో పూడిపోతాయి. యాపిల్ కంపెనీ మొదటి లోగో, 1976లో, చెట్టు కింద కూర్చున్న న్యూటన్. పాత పుస్తకంలో బొమ్మలా ఉండేది. మరుసటి ఏడాదే దాన్ని పక్కనపెట్టి రాబ్ జానాఫ్ గీసిన కొరికిన యాపిల్ తీసుకున్నారు.

మామయ్య: కొరికినట్టు ఎందుకు గీశాడు?

మేనకోడలు: చిన్న సైజులో చెర్రీ పండు అనుకోకూడదని. ఆయనే చెప్పాడు.

మామయ్య: అన్నీ తీసేసినవాడు ఆ ఒక్కటీ కావాలని పెట్టాడన్నమాట! నువ్వు చేసిన లోగోలో వాసెన కూడా తీసేశావు. ఇప్పుడది వట్టి కుండ. అందులో నీళ్లున్నాయో, నెయ్యి ఉందో ఎవరికి తెలుస్తుంది? మీ అమ్మమ్మ ఆవకాయ కలిపి, తెల్లగుడ్డతో జాడీ మూతి బిగించి కట్టేది. మూడో రోజు విప్పి తిరగకలిపేది. ఆ గుడ్డ చూస్తేనే మాకు నోరూరేది.

మేనకోడలు: నిజమే, మా రంగంలోనూ అతి చేస్తున్నారు. బర్బెరీ అనే బ్రిటిష్ ఫ్యాషన్ కంపెనీ 2018లో లోగోలోంచి గుర్రం మీది వీరుణ్ణి తీసేసి వట్టి అక్షరాలు ఉంచింది. 2023లో మళ్లీ తెచ్చుకుంది. కానీ వాసెన అంటే మడతలు, ముడి, దారం... ఎన్ని గీతలు!

మామయ్య: మడతలెందుకు? బోర్డు రాస్తూ మధ్యమధ్య రోడ్డు అవతలికి వెళ్లి చూసేవాణ్ణి. అక్కణ్ణుంచి కనిపించని గీత ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. జాడీ మెడ దగ్గర ఒక్క గీత పెట్టు. దాని కింద గుడ్డ అంచు అటూ ఇటూ విచ్చుకోనీ.

మేనకోడలు: ఇలాగా? ఉండండి, చిన్నది చేసి చూస్తాను... కనిపిస్తోంది మామయ్యా! ఆవకాయ జాడీయే! కొమ్మకు మాత్రం ఒప్పుకోను.

మామయ్య: లోగోలో వద్దులే. సీసా లేబుల్ మీద నేనే వేస్తాను, ఈనెలతో సహా.