పన్నూడితే ఊరేగింపు

మనవాళ్ళ ఇళ్ళల్లో పిల్లల పాలపళ్ళకి దక్కే మర్యాద గురించి ఎవరూ సరిగ్గా రాయలేదు. పన్ను నోట్లో ఉన్నంతకాలం ఆ మర్యాద ఉండదు. ఊడి అరచేతిలో పడ్డాక మొదలవుతుంది.

నోట్లో ఉన్నప్పుడు మాత్రం దానికి ఒకటే మాట: "పాలపన్నే కదండీ, ఎలాగూ ఊడిపోయేదే." బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంటు లిఫ్టు ఎక్కితే చాలు, ఈ వేదాంతం చెవిన పడుతుంది. చెప్పేది చదువు రానివాళ్ళు అనుకునేరు. ఆఫీసులో సర్వర్‌కి బ్యాకప్, ఆ బ్యాకప్‌కి ఇంకో బ్యాకప్ పెట్టుకునే మహానుభావులు. ఎలాగూ ఖాళీ చేసే అద్దింట్లో కుళాయి కారితే ఓనరుకి అర్ధరాత్రి ఫోన్ కొడతారు. కూతురి దవడ పన్ను నల్లబడితే మాత్రం సర్వం అశాశ్వతం.

మొన్న బి బ్లాకులో ఒక పాపకి కింది ముందు పన్ను ఊడింది. చిత్తూరు నుంచి నాయనమ్మ వచ్చి ఉన్నారు. "పేడలో చుట్టి ఇంటి మిద్ది మీదికి ఇసిరెయ్యల్ల నాయనా, అప్పుడే కొత్త పన్ను చక్కంగా వస్తాది" అన్నారు. కొడుకు వెంటనే రంగంలోకి దిగాడు. పేడకి లోటేమీ లేదు, వర్తూరు రోడ్డు ట్రాఫిక్‌లో మనకంటే ముందు ఆవులే ఉంటాయి. చిక్కంతా మిద్దె దగ్గర వచ్చింది. వాళ్ళు ఉండేది మూడో అంతస్తు. వాళ్ళ ఇంటి కప్పు అంటే నాలుగో అంతస్తు వాళ్ళ హాలు. వాళ్ళని అడిగితే, "మా బుడ్డోడు పాకుతున్నాడండీ, కనబడిందల్లా నోట్లో పెట్టుకుంటాడు" అని మర్యాదగా తలుపేసుకున్నారు.

ఇక మిగిలింది టెర్రస్. దాని తాళం సెక్రటరీగారి దగ్గర, సెక్రటరీగారి మనసు సోలార్ ప్యానెళ్ళ మీద. విషయం వాట్సాప్ గ్రూపుకి ఎక్కింది. పన్ను తడి చెత్తా, పొడి చెత్తా అని ఒకరు అడిగారు. పన్ను పొడి, పేడ తడి, కాబట్టి విడివిడిగా విసరాలని ఇంకొకరు తీర్పు చెప్పారు. అద్దెకున్నవాళ్ళకి విసిరే హక్కుందా అని మూడో ఆయన బైలాస్ తీశారు. చివరికి ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఐదు మధ్య, ప్యానెళ్ళకి ఎదురు దిక్కున, ఒకే ఒక్క విసురుకి అనుమతి వచ్చింది. సెక్యూరిటీ రిజిస్టర్‌లో 'పని' అన్న గడిలో 'పన్ను' అని రాశారు. పాప విసిరింది. అది నీళ్ళ ట్యాంకుకి తగిలి టప్పుమంది. అందరూ చప్పట్లు కొట్టారు, నాన్న వీడియో తీశాడు. తర్వాత మూడు పొరల చాక్లెట్ కేకు కోశారు.

ఆ కేకుని పాప ఎడమ వైపుకే తోసుకుని నమిలింది. కుడి వైపు దవడ పన్ను పుచ్చి గుంట పడింది. రాత్రుళ్ళు చెంప పట్టుకుని ఏడుస్తోందట. "లవంగ నూనె రాస్తున్నాం అంకుల్, ఎలాగూ ఊడేదే కదా" అన్నాడు తండ్రి, నవ్వుతూ.

ఎప్పుడయ్యా ఊడేది? పాపకి ఆరేళ్ళు. ముందు పళ్ళు ఆరు, ఏడేళ్ళకి ఊడతాయి, నిజమే. దవడ పాలపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. అంటే ఇంకో నాలుగేళ్ళకి తక్కువ కాకుండా ఆ పిల్ల ఒకవైపే నమలాలా? నొప్పి కూడా పాలనొప్పే అనుకున్నారా, దానంతటదే ఊడిపోవడానికి? పాలపంటి ఎనామిల్, అంటే పంటి మీది గట్టి పొర, పల్చన. పుచ్చు లోపలి నరం దాకా త్వరగా దిగుతుంది. "పాలపళ్ళకి వేర్లుండవు" అని ఇంకో శాస్త్రం చెబుతారు. ఉంటాయి స్వామీ. కింద నుంచి కొత్త పన్ను వస్తుంటే ఆ వేరు మెల్లగా కరిగిపోతుంది. మీరు వీడియో తీసుకున్న పన్నుకి వేరు కనబడకపోవడానికి కారణం అదీ.

అసలు ఘోరం ఇంకొకటి. పాలపళ్ళు మొత్తం ఇరవై. ఆరేళ్ళ ప్రాంతంలో వాటికి వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, కొత్త దవడ పన్ను వస్తుంది. పన్ను ఊడలేదు కాబట్టి ఊరేగింపు లేదు, ఊరేగింపు లేదు కాబట్టి అది వచ్చినట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు. అది శాశ్వత దంతం. పుచ్చి పోయిందంటే దాని స్థానంలో ఇంకొకటి రాదు. ఒకసారి పోయిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. దాన్నీ పాలపళ్ళ లెక్కలో కలిపేసి పుచ్చనిచ్చే తల్లిదండ్రుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ తండ్రికి చెప్పాను కూడా. "అవునా? గూగుల్ చేస్తా అంకుల్" అన్నాడు.

రేపు నొప్పి భరించలేక పాప దవడ పాలపన్ను పీకిస్తారు. జాగా కాపాడే క్లిప్పు పెడదామని డాక్టరు అంటే అనవసర ఖర్చని లేచి వచ్చేస్తారు. వెనక పన్ను ఆ ఖాళీలోకి జరుగుతుంది, రావలసిన పన్నుకి చోటు చాలక అది వంకరగా వస్తుంది. పదమూడో ఏట పళ్ళకి తీగలు కట్టించి, ఆ బిల్లు ఫొటో గ్రూపులో పెట్టి, పంటి డాక్టర్ల దోపిడీ మీద ఇదే తండ్రి పెద్ద పోస్టు రాస్తాడు. కింద యాభై మంది దండం పెడతారు.