బాగా పండిన గోధుమ రంగు గారికి

కోనికల్ ఫ్లాస్కు నివాసులైన గోధుమ రంగు గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

ఆకు కషాయాన్ని వెండి లవణం నీళ్లలో పోస్తే పుట్టే వెండి నానోకణాల రంగు మీరు. నిన్న పొద్దున మీరు మళ్లీ దర్శనమిచ్చారు. ఈసారి వాయిలాకు కషాయంలోంచి. పోయిన నెల నేలవేములోంచి, అంతకుముందు తంగేడులోంచి వచ్చారు. ఓ ఆదివారం ఏమీ దొరక్కపోతే హాస్టల్ వెనకాల పిచ్చిమొక్కలోంచి కూడా వచ్చారు. పిలిస్తే పలికే దేవుడు మా డిపార్ట్‌మెంట్‌లో మీరొక్కరే.

గోరింటాకు పండితే మంచి మొగుడొస్తాడని మా అమ్మమ్మ అనేది. మా ల్యాబ్‌లో మీరు పండితే మంచి జర్నల్ వస్తుంది. గోరింటాకుకైతే రాత్రంతా చేతులు కదపకుండా పడుకోవాలి. మీకు అంత తపస్సు అక్కర్లేదు. ఆకు కడిగి, నీడన ఆరబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌లో మరిగించి, వాట్‌మన్ ఒకటో నంబరు కాగితంలో వడకట్టి, ఒక మిల్లీమోలార్ (బాగా పల్చని) సిల్వర్ నైట్రేట్ అనే ఆ వెండి లవణం నీళ్ల‌లో పోస్తే చాలు. లేత పసుపు కాస్తా మెల్లగా టీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. "వచ్చేసిందే!" అని ఎవరో ఒకరు అరుస్తారు. ఆ తర్వాత వెలుతురును ఎంత పీల్చుకుందో కొలిచే యూవీ-విజిబుల్‌లో 420 నానోమీటర్ల దగ్గర ఒక బొడిపె, స్ఫటికాల అమరిక చూపే ఎక్స్‌ఆర్‌డీలో 38 డిగ్రీల దగ్గర ఒక పీక్ కనిపిస్తే జాతకాలు కుదిరినట్టే.

మీ వంశం గొప్పదే, కాదనను. 1857లో లండన్‌లో మైకేల్ ఫారడే బంగారాన్ని కంటికి ఆననంత సన్నని రేణువులుగా చేసి నీళ్లలో నిలిపితే నీళ్లు కెంపు రంగుకు తిరిగాయి. అది మీ బంగారు అన్నగారు. వెండి రేణువులు 100 నానోమీటర్ల లోపుంటే వాటి ఎలక్ట్రాన్లు వెలుతురు తగిలినప్పుడు అన్నీ ఒక్కసారిగా ఊగుతాయి. ఆ ఊపే మీరు. 2004లో పుణె నేషనల్ కెమికల్ లాబొరేటరీలో మురళీ శాస్త్రి బృందం వేపాకు కషాయంతో వెండి, బంగారు కణాలు తయారుచేసి చూపించింది. ఘాటు రసాయనాలు అక్కర్లేకుండా ఆకురసంతోనే పని జరగడం అప్పట్లో నిజంగా కొత్త సంగతి. ఆ వేపాకే మా కొంప ముంచింది. వేపాకు చేయగా లేనిది తులసి చేయదా, తులసి చేస్తే కరివేపాకు ఊరుకుంటుందా? అన్నీ చేస్తాయి. ఆకులో పాలీఫినాల్స్, ఫ్లేవనాయిడ్లు, చక్కెరలు ఉన్నంతకాలం వెండి అయాన్‌కు ఎలక్ట్రాన్ దానం చేసి దాన్ని వెండి రేణువుగా మార్చే కర్ణులకు కొదవలేదు. చేయలేని ఆకు ఒక్కటి దొరికితే అదీ పేపరు రాయాల్సిన విషయం!

ఇంతకీ ఆ దానం చేసిందెవరు? అక్కడ మీరు నోరు విప్పరు. ఏ రసాయన బంధాలున్నాయో చూపే ఎఫ్‌టీఐఆర్ తీసి "ఫినాల్స్, ప్రోటీన్లు కారణమై ఉండవచ్చు" అని రాసి చేతులు దులుపుకుంటాం. మా అమ్మమ్మ చారుకు తీసినా అదే గీత వస్తుంది. వానాకాలం కోసిన ఆకు, ఎండాకాలం కోసిన ఆకు ఒకలా ఉండవు. అలాంటప్పుడు కణాల సైజు మాత్రం ఒకలా ఎందుకుంటుంది? రేపు మందుగా ఎక్కించాలంటే ప్రతి బ్యాచ్ ఒకలాగే ఉండాలి కదా అని మొన్న సెమినార్‌లో అడిగాను. అందరికీ ఒకేసారి సమోసాలు గుర్తొచ్చాయి.

అసలు గొడవ చెప్తాను. ఓసారి ఈ. కోలై బ్యాక్టీరియా పెంచిన ప్లేటులో నాలుగు వెల్స్ (చిన్న గుంటలు) వేశాను. ఒకదాంట్లో మీరు, ఒకదాంట్లో ఉత్త కషాయం, మూడోదాంట్లో యాంటీబయోటిక్. నాలుగోదాంట్లో ఏ ఆకూ కలపని సిల్వర్ నైట్రేట్. మర్నాడు చూస్తే సిల్వర్ నైట్రేట్ చుట్టూ బ్యాక్టీరియా చచ్చిన వలయం మీ వలయం కంటే ఒక మిల్లీమీటరు పెద్దది! ఆశ్చర్యమేముంది, 1880లలోనే జర్మనీలో క్రెడే అనే డాక్టరు పురిటి పిల్లల కళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసి చూపు కాపాడాడు. సూక్ష్మజీవుల్ని చంపడం వెండికి తాతలనాటి విద్య. మరి మీరు అదనంగా ఏం చేశారు? ప్లేటు పట్టుకెళ్లి చూపిస్తే గైడ్ గారు కళ్లజోడు సర్దుకుని, "ఆ నాలుగో వెల్ అవసరమా అమ్మా?" అన్నారు. పేపర్లో మూడే ఉన్నాయి.

ఆ సెలవులకు ఇంటికెళ్తే నా వేళ్ల మీద సిల్వర్ నైట్రేట్ మరకలు చూసి, "ఇదేం గోరింటాకే, ఇంత నల్లగా పండింది?" అంది అమ్మమ్మ. మొగుడు రాలేదు, పేపరు బాగా మార్చి పంపమని జర్నల్ నుంచి మేజర్ రివిజన్ వచ్చింది.

మీరు క్యాన్సర్‌నీ చంపుతారన్న సంగతి ఎత్తకండి. ప్లాస్టిక్ ప్లేటులో హీలా అనే క్యాన్సర్ కణాల్ని చంపడానికి ఉప్పు ఎక్కువేసినా చాలు. పక్కనున్న మంచి కణాల్ని వదిలేస్తారా, ఒంట్లోకి వెళ్లాక కాలేయంలో పేరుకుపోతారా అన్నది చెప్పాలి. ఆ ప్రశ్న దగ్గరికి రాగానే మా పేపర్లన్నీ "భవిష్యత్తులో" అనే మాట పట్టుకుని చక్కా ఇంటికెళ్లిపోతాయి. ఇక ఆకులతో చేసే ఈ పనికి గ్రీన్ సింథసిస్ (పచ్చని తయారీ) అన్న పేరు ఎవరు పెట్టారో గానీ, మిగిలిన వెండి నీళ్లు సింకులోకి పోతుంటే చేపల పక్షాన మాట్లాడేవాళ్లు లేరు. పైగా మీరు చూడబోతే గోధుమ రంగు.

పీహెచ్‌డీకి పేపరు తప్పనిసరి కాదని 2022లో యూజీసీ అంది. ఆ కబురు మా కారిడార్ దాకా ఇంకా చేరలేదు. అందుకే జూనియర్ నిన్న సాయంత్రం మునగాకు కట్ట తెచ్చింది. సగం హాస్టల్ పప్పులోకి ఇచ్చేశాం. మిగతా సగం ఫ్రిజ్‌లో ఉంది, రేపు పదింటికి మరిగిస్తాం. మీరెలాగూ వస్తారు. నాలుగో వెల్ కూడా వేస్తున్నాను, గైడ్ గారికి చెప్పకండి.

ఇట్లు,
మీ నాలుగో ఏడు రీసెర్చ్ స్కాలర్