మూడు విజిళ్ళ మాయామాళవగౌళ

ఆ ఆదివారం మా ఇంట్లో పప్పు ఉడకలేదు. కారణం నేను మాయామాళవగౌళ రాగం వాయించడం. రెంటికీ సంబంధమేమిటని మీరు అడగొచ్చు. మా ఆవిడ అడగలేదు. ఇంట్లో ఏది చెడినా ముందు నావైపు చూస్తే సగం పని అయిపోతుందని ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడకి తెలిసొచ్చింది.

యాభయ్యో పడిలో పడ్డాక నాకు పియానో నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. మూడో అంతస్తుకి అసలు పియానో ఎక్కించాలంటే మా లిఫ్టు చాలదు, నా జీతం అంతకన్నా చాలదు. అందుకని 88 మెట్ల మిడి కీబోర్డు ఒకటి కొని, లాప్‌టాప్‌లో పియానో సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. కీబోర్డు తనంతట తాను కిక్కురుమనదు. ఏ మెట్టు ఎంత గట్టిగా నొక్కామో లాప్‌టాప్‌కి చాడీ చెబుతుంది, మోగడం సంగతి అది చూసుకుంటుంది. మోత బాగానే ఉంది కానీ, దుప్పటి ముసుగులోంచి పాడినట్టుండేది.

"అది డ్రై సౌండ్ మామయ్యా, గది మోత ఏమీ లేదు. కన్వల్యూషన్ రివర్బ్ వెయ్యండి. మంచి హాలొకటి చూసుకోండి" అన్నాడు మా మేనల్లుడు ఫోన్‌లో.

విషయం వాడు చెప్పిందాన్నిబట్టి ఇది. ఒక చోట ఒక్కసారి 'ఠప్' మనిపించి, ఆ చప్పుడు గోడలకీ కప్పుకీ తగిలి తిరిగొస్తూ సన్నగిల్లే తీరంతా రికార్డు చేస్తారు. దాని పేరు ఇంపల్స్ రెస్పాన్స్. ఆ చోటి వేలిముద్ర అనుకోండి. గోల్కొండలో ఫతే దర్వాజా కింద గైడు చప్పట్లు కొడతాడు చూడండి, దాదాపు అలాంటి పనే. అక్కడ కిలోమీటరు దూరాన బాలా హిస్సార్ మీద నిలబడి వింటాం, ఇక్కడ ఫైలు చేసి దాచుకుంటాం. తర్వాత మనం వాయించేదాన్ని శాంపిళ్ళనే సన్నటి ముక్కలుగా తీసుకుని, ప్రతి శాంపిల్‌కీ సాఫ్ట్‌వేర్ ఆ ముద్ర మొత్తాన్నీ తగిలించి, అన్నిటినీ కూడుతుంది. శాంపిళ్ళు సెకనుకి 44,100. మూడు సెకన్ల ముద్రకి ఆ లెక్క అమాయకంగా చేసుకుంటూ పోతే సెకనుకి 583 కోట్ల గుణకారాలు. ఫూరియర్ అనే గణితవేత్త పేరు మీద ఒక అడ్డదారి ఉండబట్టి అంత పని పడదు. అయినా నా లాప్‌టాప్ ఫ్యాను మిక్సీలా తిరిగేది. ఇంతా చేసి నేను వాయించేది మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, అంటే సంగీతంలో మొదటి పాఠం.

అమ్మకానికి పెట్టిన హాళ్ళ ధరలు డాలర్లలో ఉన్నాయి. మన హాలు మనకుండగా డాలర్లు దేనికని, పక్కింటి పిల్లాడి పుట్టినరోజున మిగిలిన బెలూన్ ఒకటి తెచ్చి, సోఫా పక్కన ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాను.

"హాల్లో కూర్చుని వాయిస్తూ, హాల్లో వాయిస్తున్నట్టు వినపడ్డానికి మిషనెందుకండీ?" అంది మా ఆవిడ.

శాస్త్రం తెలియని వాళ్ళతో వాదన పెట్టుకోను. పిన్నుతో గుచ్చాను. ఠప్. ఒక్క క్షణం తర్వాత వంటింట్లో కుక్కర్ కూసింది. ఆ చిన్న కూత ఎవరికి వినపడుతుందిలే అనుకుని ఫైలు ఎక్కించేశాను. ఇందులో ఏది గోడ, ఏది కుక్కరో తేల్చుకునే తెలివి సాఫ్ట్‌వేర్‌కి ఉండదని అప్పటికి తట్టలేదు. దాని దృష్టిలో బెలూన్ పగిలాక వినపడిందల్లా ఆ గది గుణమే.

విచిత్రమేమిటంటే అన్ని స్వరాలకీ విజిల్ రాదు. విజిల్‌లో ఉన్న శ్రుతి ఏ స్వరంలో గట్టిగా ఉంటే అదే దాన్ని నిద్ర లేపుతుంది. నా ఖర్మకి అది తారస్థాయి షడ్జమైంది, అంటే పై 'స'. మొదటి సరళీ స్వరంలో ఆరోహణ చివర ఒక తార షడ్జం, అవరోహణ మొదట ఇంకొకటి. అంటే ఒకసారి ఎక్కి దిగితే రెండు కూతలు. మా ఆవిడ పొయ్యి మీద పప్పు పెట్టి, బాల్కనీలో బట్టలారేస్తూ విజిళ్ళు లెక్కపెడుతోంది. నేను హాల్లో స్పీకర్లు పెట్టుకుని వాయిస్తున్నాను. రెండోసారి సగంలో మూడో విజిల్ పడింది. ఆవిడ వచ్చి స్టవ్ కట్టేసి వెళ్ళింది. భోజనాల దగ్గర కందిపప్పు బద్దలు బద్దలుగా పలకరించింది.

దాంతో ఇంట్లో రికార్డింగులు బందు.

సరిగ్గా అప్పుడే స్కాట్లండ్‌లోని ఇంచిన్‌డౌన్ గురించి చదివాను. కొండ తొలిచి కట్టిన రెండో ప్రపంచ యుద్ధం నాటి చమురు ట్యాంకులు అవి. ట్రెవర్ కాక్స్ అనే ధ్వని శాస్త్రవేత్త అక్కడ ఉత్తుత్తి తూటా పేల్పించి కొలిస్తే, 125 హెర్ట్జ్ దగ్గర మోత చావడానికి 112 సెకన్లు పట్టింది. గిన్నిస్ రికార్డు. మనకి కొండ లేదు, చమురు లేదు. అపార్ట్‌మెంట్ సంపు ఉంది, అదీ కడగడానికి ఆ వారమే ఖాళీ చేశారు!

లోపలికి దిగే వయసు కాదు నాది. ఫోన్‌ని కూరగాయల సంచిలో పెట్టి, తాడు కట్టి సంపులోకి దింపాను. బోర్లా పడుకుని, చెయ్యి లోపలికి చాపి బెలూన్ పేల్చాను. అబ్బ, ఏం మోత! లోపల ఎవరో ఉరుముల బస్తా విప్పినట్టుంది. ఇంతలో వెనకనుంచి వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి, సంపులోకి తల పెట్టి గట్టిగా అరిచాడు.

"సార్! ఏం పడ్డది సార్ అండ్ల?"

ఆ తల పెట్టకుండా అరిచినా బతికిపోయేవాణ్ణి.

ఆ రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్క మెట్టు కొట్టి వదిలాను. పియానో గంభీరంగా మోగి, మోగి, "ఏం పడ్డది సార్ అండ్ల" అంది. అదీ ఆ స్వరం శ్రుతిలోనే. మూడు మెట్లు కలిపి కొడితే ముగ్గురు వాచ్‌మన్లు. స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్ తొక్కి సరళీ స్వరం ఎత్తుకుంటే మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడి, మా అసోసియేషన్ సర్వసభ్య సమావేశం తయారైంది. అందులో కూడా ఎవరి మాటా ఎవరికీ అర్థం కాదు.

వాచ్‌మన్‌కి హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. రెండుసార్లు విన్నాడు. తప్పు తనదే అన్నట్టు తల దించుకుని, "ఈసారి ఎవ్వల్నీ రానియ్య సార్" అన్నాడు.

అన్నమాట నిలబెట్టుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం నేను సంపు మీద బోర్లా పడుకుంటే, కర్ర పట్టుకుని పక్కనే కాపలా నిలబడ్డాడు. బెలూన్ చవకరకం, పేలకుండా తుస్సుమంది. అదే సమయానికి పనిమనుషులిద్దరు మాట్లాడుకుంటూ మెట్లు దిగారు. వాచ్‌మన్ వేలు పెదాల మీద పెట్టుకుని, సంపు మూత పక్కనే వంగి, ముందు పన్ను ఊడిన సందులోంచి బలమంతా పెట్టి "ష్ష్ష్ష్! సప్పుడు చెయ్యకుండ్రి, సార్ రికార్డింగ్ చేస్తున్రు" అన్నాడు.

నవ్వుకోవడానికి పనికొస్తుందని ఆ 'ష్ష్ష్' ఒక్కటీ కత్తిరించి, చివర కాస్త మెల్లగా తగ్గేలా చేసి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాను. మెట్టు నొక్కి అలాగే ఉండిపోయాను. విజిల్ లేదు, మాట లేదు. స్వరం పొగలా లేచి, పరుచుకుని, కనపడకుండా పోయింది. తర్వాత ఆలోచిస్తే తెలిసింది: ఏ శ్రుతీ లేకుండా అన్ని శ్రుతులూ కలిసిన చప్పుడు క్రమంగా సన్నగిల్లితే, పెద్ద హాల్లో మోత చివర మిగిలేది దాదాపు అదే. వాచ్‌మన్ ఊదింది, సంపు సన్నగిల్లజేసింది.

మేనల్లుడికి పంపాను. అరగంటలో ఫోన్ చేశాడు.

"మామయ్యా, సరళీ స్వరాలు సరే గానీ, ఆ హాలెక్కడిది? ఎంతమంది పడతారు అందులో?"

"మొత్తం 32 సీట్లురా. ముందు వరసలో ఒకటి ఊడిపోయింది" అన్నాను.