సవరణ: ఈతకు నాలుగేళ్లు నిండక్కర్లేదు

పసిపిల్లల ఈత గురించి పోయిన వారం రాస్తూ, నాలుగేళ్లు నిండేదాకా తరగతులకు పంపవద్దన్నది పిల్లల వైద్యుల సలహా అన్నాను. అది పాత మాట. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఒకప్పుడు అలాగే చెప్పేది కానీ, 2010లో వైఖరి మార్చుకుంది. 2019 నాటి విధాన పత్రం ప్రకారం ఏడాది నిండిన చాలామంది పిల్లలకు పాఠాలు మొదలుపెట్టవచ్చు; నీట మునిగే ప్రమాదం తగ్గడానికి అవి తోడ్పడవచ్చు. ఏడాదిలోపు పిల్లల విషయంలో మాత్రం అలాంటి ఆధారం లేదు. వాళ్లను కొలనులో దించడం నీళ్లు అలవాటు కావడానికి, సరదాకు, అంతే. తేదీ చూడకుండా పాత కరపత్రాన్ని నమ్మాను, తప్పు నాదే.

ఇంకొకటి. "ఈత వస్తే ధైర్యం" అన్న నా వాక్యాన్ని కొందరు, ఇక పక్కన కనిపెట్టుకుని ఉండక్కర్లేదని అర్థం చేసుకున్నారు. నేనన్నది పిల్లల ధైర్యం గురించి, పెద్దల ధీమా గురించి కాదు! పాఠాలు నేర్చినా సరే, ఈ వయసు పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ పెద్దవాళ్లు చేతికందేంత దూరంలోనే ఉండాలి. గాలి ఊదిన చేతిపట్టీలు రక్షణ సాధనాలు కావు. స్నానాల తొట్టె, నీళ్ల బకెట్ కూడా ప్రమాదమే. చేర్పించే ముందు మీ పిల్లల వైద్యుణ్ని ఒక మాట అడగండి. నీళ్లంటే బెదిరే పిల్లలకు కొన్ని నెలలు ఆగినా నష్టం లేదు.