ఫీజు కట్టేస్తే లెక్కల టీచర్లు వచ్చేస్తారా?

"అమెరికాలో లెక్కలు, సైన్స్ టీచర్ అవుతానంటే ఊరికే డబ్బిస్తారు. మన దగ్గరా బీఈడీ ఫీజు సర్కారు కట్టేస్తే కొరత తీరుతుంది. సబ్జెక్టు వచ్చినవాళ్లకు ఇంకేం నేర్పాలి?" హైదరాబాద్ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మాటలివి.

ఊరికే ఇస్తారన్నది అబద్ధం. అక్కడి ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2002 నాటి చట్టం కింద నడిపే రాబర్ట్ నాయిస్ స్కాలర్‌షిప్‌ను చూడండి. ఒక ఏడాది డబ్బు తీసుకుంటే రెండేళ్లు, టీచర్ల అవసరం బాగా ఉన్న ప్రాంతాల బడుల్లో పాఠాలు చెప్పాలి. చెప్పకపోతే ఆ సొమ్ము అప్పుగా మారుతుంది.

ఇక ఫీజు సంగతి. అర్హులకు ఈ-పాస్ (సర్కారు స్కాలర్‌షిప్ వెబ్‌సైట్) ద్వారా బీఈడీకి రీయింబర్స్‌మెంట్ ఇప్పటికే ఉంది. రెండేళ్ల హాస్టల్, తిండి ఖర్చు దానితో తీరదు కాబట్టి నెలనెలా స్టైపెండ్ కావాలి. అంతకన్నా పెద్ద చిక్కు చదువయ్యాక మొదలవుతుంది. తెలంగాణలో 2017 అక్టోబరులో టీఆర్‌టీ (టీచర్ల నియామక పరీక్ష) నోటిఫికేషన్ వచ్చింది. సర్కారు బడులకు మళ్లీ 2023 సెప్టెంబరులో 5,089 పోస్టులతో డీఎస్సీ ఇచ్చారు. దాన్ని రద్దుచేసి 2024లో 11,062 పోస్టులతో కొత్తది వేశారు. ఆ ఆరేళ్లలో బీఈడీ పూర్తిచేసిన అమ్మాయికి నాయిస్ లాంటి షరతు ఉండి ఉంటే, ఆమె దాన్ని ఎక్కడ తీర్చాలి? కార్పొరేట్ కాలేజీ పిలిస్తే వెళ్తుంది, స్కాలర్‌షిప్ అప్పై కూర్చుంటుంది. అందుకే ఇక్కడ అలాంటి పథకం పెడితే, దాని ఒప్పందంలో గురుకులాలు, కేజీబీవీలు (కస్తూర్బా గాంధీ బాలికల బడులు), ఎయిడెడ్ బడుల్లో చేసిన సర్వీసునూ లెక్కించాలి. నోటిఫికేషన్ లేని కాలాన్ని గడువులోంచి తీసేయాలి. ఈ రెండూ రాయని పథకం మంచి విద్యార్థులను భయపెట్టి దూరం చేస్తుంది.

సబ్జెక్టు వస్తే చాలన్నది అన్నింటికన్నా హానికరమైన మాట. ఏడో తరగతి పిల్లాడు 1/2 + 1/3 = 2/5 అని రాస్తాడు. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడాడు. భిన్నం మొత్తం ఒకే సంఖ్య అని వాడికింకా తెలియలేదు. "ఎల్‌సీఎం తియ్యి" అంటే ఆ లెక్క వస్తుంది, అపోహ అలాగే ఉంటుంది. "2/5 సగం కన్నా ఎక్కువా, తక్కువా? కూడితే తగ్గిందేం?" అని అడగాలి. ఈ ప్రశ్న ఎమ్మెస్సీ పట్టాతో పాటు రాదు. ల్యాబ్‌లోనూ అంతే. అమ్మీటర్‌ను బల్బుకు సమాంతరంగా కలిపితే, దాని నిరోధం చాలా తక్కువ గనుక కరెంటు దాదాపు అంతా అందులోకే దూకి మీటరు కాలిపోవచ్చు. ఒకటి కాలిందంటే కొత్త టీచర్ ల్యాబ్ పరికరాల బీరువా తాళం మళ్లీ తీయకపోవచ్చు.

కాబట్టి మొదటి ఏడాది పీరియడ్లు తగ్గించాలి. అదే సబ్జెక్టు సీనియర్ వారానికో క్లాసు చూసి, ఆ రోజే ఒక్క అంశం మీద మాట్లాడాలి. చాలా హైస్కూళ్లలో ఫిజికల్ సైన్స్‌కు ఒక్కరే ఉంటారు గనుక ఆ సీనియర్‌ను స్కూల్ కాంప్లెక్స్ (దగ్గరి బడుల సమూహం)లోని మరో బడి నుంచి ఇవ్వాలి, ఆ పనికి విడిగా డబ్బూ ఇవ్వాలి. నాయిస్ కింద మాస్టర్ టీచర్లకు జీతంపైన ఏటా కనీసం 10,000 డాలర్లు అదనంగా ఇచ్చే ఏర్పాటుంది. వాట్సాప్ సందేశంలో ఆ ముక్క లేదు.